ఎనభై ఎనిమిది, రెండు

 వెనక తలుపు దగ్గర కూర్చున్న విద్యార్థులు అక్కడే ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. కరీంనగర్‌లో చదువుకున్న రోజుల్లో నేనూ అక్కడే కూర్చునేవాణ్ని.

స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట పోయినవారి గుణగణాలు చెప్పడం రివాజు. ఇవాళ మనం తలుచుకుంటున్న, కాలేజీలో నాకు పాఠం చెప్పిన సారుకు అది గిట్టదు. సన్మాన సభల్లో పొగడ్తలు మొదలు కాగానే చేతి గడియారం విప్పి, దానికి కీ ఇచ్చుకుంటూ కూర్చునేవారు. అందుకని ఆ పావుగంట మిగిల్చి, ఆయనకూ నాకూ మధ్య తెగకుండా ఉండిపోయిన ఒక వాదనను మీ ముందు పెడతాను. ఆయన లేరు గనక ఇవాళ నేనే గెలవచ్చు. కానీ ఈ ఉపన్యాసం రాసుకుంటూ ఉంటే అట్లా జరిగేటట్టు కనిపించలేదు.

మేము బీఏ రెండో ఏడులో ఉన్నాం. అమెరికా రాజ్యాంగం పాఠం. సారు వచ్చి, హాజరు తీసుకోకుండా, బోర్డు మీద 88–2 అని రాసి కుర్చీలో కూర్చున్నారు. ఎవడో క్రికెట్ స్కోరు అన్నాడు. సారు నవ్వలేదు. "1964 ఆగస్టు 7. అమెరికా సెనేట్. 88 మంది ఔనన్నరు, ఇద్దరు కాదన్నరు. ఆ ఇద్దరెవరు?" అని అడిగారు. మాకెవరికీ తెలియదు. ఆ ఇద్దరి కథ చెప్పడంతోనే గంట అయిపోయింది.

నాకు మాత్రం ఆ ఇద్దరి మీద కంటే, ఆ 88 ఓట్లు కూడగట్టిన మనిషి మీద ఆసక్తి పుట్టింది. ఆయన పేరు విలియం ఫుల్‌బ్రైట్. అర్కన్సా రాష్ట్రం సెనేటరు. 1959 నుంచి 1974 చివరి దాకా సెనేట్ విదేశీ సంబంధాల కమిటీకి అధ్యక్షుడు. ఆ పదవిలో అంతకాలం ఉన్నవాడు మరొకడు లేడు. దేశాధ్యక్షుడు కాడు, విదేశాంగ మంత్రి కాడు, ఒక్క సైనికుణ్ని కూడా ఎక్కడికీ పంపే అధికారం లేనివాడు. ఉత్త శాసనసభ్యుడు. అయినా ఒక తరం పాటు అమెరికా విదేశాంగ విధానం గురించి ఏ దేశంలో మాట్లాడుకున్నా ఆయన పేరు రాకుండా ఉండేది కాదు. ఇది నన్ను పట్టుకుంది. సారు దృష్టిలో ఫుల్‌బ్రైట్ అంత గొప్పవాడు కాడు. మా వాదన అక్కడ మొదలైంది.

మనిషి సంగతి కొంచెం చెప్పాలి. 1905లో పుట్టాడు. ఫేయెట్‌విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. ఆ ఊళ్ళో ఆయన తల్లి రాబర్టా ఒక దినపత్రిక నడిపేది. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, తిరిగొచ్చి లా చదివి, 34 ఏళ్ళకే అర్కన్సా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. తల్లి తన పత్రికలో హోమర్ ఆడ్కిన్స్ అనే నాయకుణ్ని తీవ్రంగా విమర్శించేది. ఆయన గవర్నరు కాగానే కొడుకును 1941లో పదవి నుంచి పీకేయించాడు. మన విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్ల కథలు తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు. 1944లో సెనేట్ సీటు కోసం అదే ఆడ్కిన్స్ మీద పోటీ చేసి ఫుల్‌బ్రైట్ గెలిచాడు. అమ్మ రాసిన సంపాదకీయాల బాకీ వడ్డీతో సహా తీరింది.

అంతకుముందు ప్రతినిధుల సభలో కొత్త సభ్యుడిగా ఉన్నప్పుడే, 1943 సెప్టెంబరులో, ఒక చిన్న తీర్మానం పెట్టాడు. యుద్ధం ముగిశాక శాంతిని కాపాడే శక్తి ఉన్న అంతర్జాతీయ యంత్రాంగం ఒకటి ఏర్పడాలి, అందులో అమెరికా చేరాలి అన్నది దాని సారం. 360–29తో నెగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితిలో చేరకుండా ముఖం తిప్పుకున్న దేశం అది. ఐక్యరాజ్యసమితి ఏర్పడడానికి రెండేళ్ళ ముందు ఒక కొత్త సభ్యుడి కలంతో ఆ మాట సభ చేత చెప్పించడం చిన్న సంగతి కాదు.

1946 నాటి స్కాలర్‌షిప్పుల చట్టం కథ నాకు మరీ ఇష్టం. యుద్ధం అయిపోయింది. ప్రపంచమంతా అమెరికా సైన్యం వదిలేసిన లారీలు, గుడారాలు, యంత్రాలు, మందులు పడి ఉన్నాయి. తిరిగి ఓడలకెత్తితే ఖర్చు దండగ. కొనుక్కుందామంటే ఆయా దేశాల దగ్గర డాలర్లు లేవు. ఆ సరుకుకు బదులు వాళ్ళ సొంత డబ్బే తీసుకుందాం, ఆ డబ్బుతో మన విద్యార్థులను అక్కడ చదివిద్దాం, అక్కడివాళ్ళను ఇక్కడికి రప్పిద్దాం అని ఫుల్‌బ్రైట్ ఆలోచన. మిగులు ఆస్తుల చట్టానికి సవరణ అని పేరు పెట్టాడు. ఉపన్యాసం దంచలేదు, పత్రికలకు ఎక్కలేదు. చర్చే లేకుండా సభ ఆమోదించింది. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టాడు. మన పిల్లల్ని విదేశీ 'ఇజాల' పాలు చేసే బిల్లని ముందే తెలిసి ఉంటే అడ్డుపడేవాణ్నని తర్వాత ఒక ముసలి సెనేటరు నొచ్చుకున్నాడట. తుపాకులు అమ్మిన డబ్బుతో లైబ్రరీ కార్డులు ఇప్పించిన మనిషి ఫుల్‌బ్రైట్ అని నేనంటే సారు ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుని, "లారీలు" అని దిద్దారు. "ఎక్కువ భాగం లారీలు. కవిత్వం చెప్పకు."

మన దేశంతో ఈ ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. ఇప్పుడు ఆ ఫెలోషిప్పుల పేరు ఫుల్‌బ్రైట్–నెహ్రూ. హైదరాబాదులో, ఉస్మానియా ఆవరణలో, అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ 1964లో మొదలైంది. తెలుగు జిల్లాల కాలేజీ లెక్చరర్లు ఎంఫిల్ కోసమో పీహెచ్‌డీ కోసమో ఆ గ్రంథాలయంలో బీరువాల మధ్య రోజులు గడిపినవారే. సారు వేసవి సెలవుల్లో జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి నేరుగా అక్కడికే వెళ్ళేవారు. నన్ను ఒకసారి వెంట తీసుకుపోయారు. సెనేట్ చర్చల సంపుటాలను నేను మొదటిసారి చేత్తో తాకింది అక్కడే. ఒక్కొక్కటి ఇటుకంత బరువు. సారు వాటిలో 1964 ఆగస్టు పేజీల దగ్గరికి అలవాటైన వేళ్ళతో వెళ్ళారు.

ఆ పేజీల్లో ఉన్నది చెబుతాను.

1964 ఆగస్టు 2న ఉత్తర వియత్నాం తీరంలో, టోంకిన్ సింధుశాఖలో, మడాక్స్ అనే అమెరికా యుద్ధనౌక మీద ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు దాడి చేశాయి. ఇది నిజం. రెండు రోజుల తర్వాత, 4వ తేదీ చీకటి రాత్రి, మడాక్స్ మీదా టర్నర్ జాయ్ అనే మరో నౌక మీదా మళ్ళీ దాడి జరిగిందని వార్త వచ్చింది. ఆ దాడి జరగనే లేదు. మబ్బు పట్టిన వాతావరణంలో రాడారు తెర మీద ఏవో కనిపించాయి, సోనార్ దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు ఆత్రపడ్డారు. అక్కడి నౌకాదళాధికారి హెరిక్ అదే రోజు ఈ అనుమానాన్ని పై అధికారులకు పంపాడు కూడా. అమెరికా నిఘా సంస్థ తన రహస్య పత్రాలను 2005లో బయటపెట్టాక ఇక వాదనకు తావు లేకుండా పోయింది. కానీ ఆ రాత్రే అధ్యక్షుడు జాన్సన్ టీవీలో మాట్లాడాడు, విమానాలు బయల్దేరాయి. మర్నాడు కాంగ్రెసు ముందుకు తీర్మానం వచ్చింది. ఆగ్నేయాసియాలో అధ్యక్షుడు తనకు అవసరమని తోచిన చర్యలన్నీ, సైనిక బలప్రయోగంతో సహా, తీసుకోవచ్చు. స్థూలంగా ఇంతే.

సెనేట్‌లో ఆ తీర్మానాన్ని నడిపే పని జాన్సన్ తన పాత మిత్రుడు ఫుల్‌బ్రైట్‌కు అప్పగించాడు. 6వ తేదీ పొద్దున రెండు కమిటీలు కలిసి కూర్చుని రక్షణ మంత్రి మెక్‌నమారాను, విదేశాంగ మంత్రి రస్క్‌ను విన్నాయి. రెండు గంటలు కూడా పట్టలేదు. ఆరెగాన్ సెనేటరు వేన్ మోర్స్‌కు ముందే పెంటగాన్ నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఆ నౌక లాగ్‌బుక్ అడగండి, అది అక్కడ ఏం పని మీద ఉందో అడగండి అని. మోర్స్ అడిగాడు. ఆ దగ్గరలోని దీవుల మీద జులై చివర దక్షిణ వియత్నాం జరిపిన రహస్య దాడులకూ మీ నౌకకూ సంబంధం ఏమిటని అడిగాడు. మా నౌకాదళానికి వాటితో సంబంధం లేదు, తెలియదు అని మెక్‌నమారా జవాబు. కమిటీ అధ్యక్షుడు ఆ ప్రశ్నను అందుకుని రెండో ప్రశ్న వేయలేదు.

సారు నాకు చూపించిన పేజీ ఆ తర్వాతది. విస్కాన్సిన్ నుంచి గేలార్డ్ నెల్సన్ అనే సెనేటరు లేచాడు. ఆయనకు ఈ తీర్మానం పెద్ద యుద్ధానికి దారి తీస్తుందేమోనని బెంగ. అందుకని చిన్న సవరణ తెచ్చాడు. ఈ ఘర్షణలో నేరుగా సైన్యంతో దిగకుండా ఉండడమే మా ఉద్దేశం అని ఒక వాక్యం చేర్చండి, చాలు. ఫుల్‌బ్రైట్ ఏమన్నాడు? సవరణలో తప్పేమీ లేదన్నాడు. అధ్యక్షుడి విధానం కూడా అదేనన్నాడు. కాకపోతే సవరణ ఒప్పుకుంటే తీర్మానం మళ్ళీ రెండు సభల మధ్య తిరగాలి, ఆలస్యమవుతుంది, అందుకని ఒప్పుకోలేనన్నాడు. నెల్సన్ కూర్చున్నాడు. ఔననే ఓటు వేశాడు. ప్రతినిధుల సభలో అప్పటికే 416–0. సెనేట్‌లో 88–2.

ఆలస్యమవుతుంది! నిజంగా ఎంత ఆలస్యమయ్యేది? రెండు రోజులా, మూడు రోజులా? సారు ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే ఫుల్‌బ్రైట్ మనసులో ఏముందో కనుక్కోవడం కష్టం కాదు. నవంబరులో ఎన్నికలు. ఎదుట నిలబడినవాడు గోల్డ్‌వాటర్, బాంబుల మాట తేలిగ్గా మాట్లాడే మనిషి. జాన్సన్ చేతులు బలపరిస్తే ఆయన నిదానస్తుడని, దేశం కోసం గట్టిగా నిలబడతాడని ఓటరుకు తెలుస్తుంది. గోల్డ్‌వాటర్‌ను ఆపొచ్చు. స్నేహం ఉంది, పార్టీ ఉంది, ప్రభుత్వం అబద్ధమాడదన్న నమ్మకం ఉంది. ఇవన్నీ మంచి కారణాలే. అందుకే భయమేస్తుంది.

తర్వాతి లెక్క మీకు తెలిసిందే. 1965 మార్చిలో 3,500 మంది మెరైన్లు దనాంగ్‌లో దిగారు. ఆ ఏడాది చివరికి వియత్నాంలో అమెరికా సైనికులు లక్షా 80 వేలు దాటారు. 1969 నాటికి 5 లక్షల 40 వేలు. 58 వేల మందికి పైగా అమెరికన్లు చచ్చిపోయారు. వియత్నామీయులు లక్షల్లో. 1967 ఆగస్టులో ఫుల్‌బ్రైట్ కమిటీ ముందుకే వచ్చి ప్రభుత్వ ప్రతినిధి కాట్జెన్‌బాక్, ఆ టోంకిన్ తీర్మానం యుద్ధ ప్రకటనతో సమానమేనని సెలవిచ్చాడు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణంలోనే కాంగ్రెసుకు ఇచ్చిన దేశం అది. ఆ అధికారాన్ని కాంగ్రెసు పోగొట్టుకోలేదు. తానే చేతులారా ఇచ్చేసింది. ఇచ్చిన చేతుల్లో ముందుండినవి ఫుల్‌బ్రైట్‌వి.

ఇక్కడిదాకా సారూ నేనూ ఒకటే. ఇక్కణ్ణుంచి దారులు చీలాయి.

నా వాదన ఇది. తప్పు చేయని రాజకీయ నాయకుడు లేడు. చేసిన తప్పును అందరి ముందూ ఒప్పుకున్నవాడు అరుదు. ఫుల్‌బ్రైట్ ఒప్పుకున్నాడు, ఆ ఒప్పుకోలును పనిగా మార్చాడు. 1965 సెప్టెంబరులో డొమినికన్ రిపబ్లిక్‌కు సైన్యాన్ని పంపడాన్ని సెనేట్‌లో ఎండగట్టాడు. ఆ రోజుతో జాన్సన్ స్నేహం తెగింది. శ్వేతభవనం విందులకు పిలుపులు ఆగిపోయాయి. ఆ ఏడాది చివర న్యూజీలాండ్‌లో కామన్వెల్త్ పార్లమెంటు సభ్యుల సమావేశానికి బయల్దేరితే జెట్ విమానం ఇవ్వలేదు. రెక్కలు గిరగిరా తిరిగే పాత విమానంలో ఊరూరా ఆగుతూ వెళ్ళాడు. దారంతా ఆసియా చరిత్ర చదువుకున్నాడు. తాను ఓటు వేయించిన దేశం గురించి అప్పటికి తీరిగ్గా చదివే వీలు చిక్కిందన్నమాట.

1966 జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆయన కమిటీ బహిరంగ విచారణలు నడిపింది. టీవీ దీపాల వెలుగు పడక నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, అర్కన్సా సాగదీతతో, గొంతు పెంచకుండా ప్రశ్నలడుగుతున్న ఆ మనిషిని అమెరికా గృహిణులు మధ్యాహ్నం వేళ తమ ఇళ్ళలో చూశారు. యుద్ధాన్ని వ్యతిరేకించినవారంటే జడలు పెంచిన కుర్రాళ్ళే అనుకునే దేశం అది. అక్కడ ఇప్పుడు మాజీ సేనాని గవిన్ వచ్చి అనుమానాలు చెప్పాడు. కమ్యూనిజాన్ని కట్టడి చేయాలన్న సిద్ధాంతానికి పితామహుడని పేరున్న జార్జ్ కెన్నన్ వచ్చి, నేను చెప్పింది దీని కోసం కాదన్నాడు. ఫిబ్రవరి 10న కెన్నన్ మాట్లాడుతుంటే ఒక పెద్ద టీవీ సంస్థ, సీబీఎస్, దాన్ని ప్రసారం చేయకుండా 'ఐ లవ్ లూసీ' అనే పాత హాస్య ధారావాహికను మళ్ళీ వేసింది. అక్కడి వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశాడు. మన చానళ్ళలో ఇలాంటి కారణానికి రాజీనామా ఇచ్చినవారి పేర్లు గుర్తు చేసుకోబోయి విరమించుకున్నాను.

ఆ ఏడాదే ఫుల్‌బ్రైట్ ఉపన్యాసాలు 'అధికార గర్వం' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకమయ్యాయి. సారు ఆ పుస్తకాన్ని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్నారు. బలమున్న దేశం తన బలాన్నే తన సద్గుణంగా పొరబడుతుందన్నది ఆ పుస్తకం పట్టు. మనకు తెలియని ఊళ్ళో మనకు తెలియని మనుషులను మనలాగా మార్చేస్తామని బయల్దేరడం వాళ్ళకు చేటు, మనకు అంతకంటే చేటు అంటాడు. 1971 ఏప్రిల్‌లో అదే కమిటీ ముందు వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఒక యువ సైనికుడు సాక్ష్యం చెప్పాడు. పేరు జాన్ కెర్రీ. తర్వాత అదే కమిటీకి అధ్యక్షుడయ్యాడు. టోంకిన్ తీర్మానం 1971 జనవరిలో రద్దయింది. 1973 నవంబరులో, నిక్సన్ వీటోను కాదని, అధ్యక్షుడి యుద్ధాధికారాలకు కళ్ళెం వేసే చట్టం వచ్చింది. ఇంత జరగడానికి ఒక శాసనసభ్యుడి పశ్చాత్తాపం విత్తనమైంది గదా అని నేను.

సారు విని, "అడిగిండు సరే. అడిగితే ఆయనకు ఏం పోయింది?" అన్నారు.

అమెరికా అధ్యక్షుడి స్నేహం పోతే ఇంకేం మిగిలిందని నేను. "విందు భోజనం పోయింది, విమానం పోయింది. ఓట్లు?" అని సారు. అప్పుడు ఆయన బీరువాలోంచి మరో సంపుటం తీశారు. 1956. దక్షిణాది మేనిఫెస్టో. బడుల్లో నల్లపిల్లలనూ తెల్లపిల్లలనూ కలిపి చదివించాలన్న సుప్రీంకోర్టు తీర్పును ఎదిరిస్తామని దక్షిణాది నుంచి 101 మంది కాంగ్రెసు సభ్యులు చేసిన సంతకాలు. అందులో ఫుల్‌బ్రైట్ ఉన్నాడు. ముసాయిదాలో కొంత పదును తగ్గించానని ఆయన సమర్థన. సంతకం సంతకమే. 1964 పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించాడు. అది కూడా టోంకిన్ తీర్మానానికి కొన్ని వారాల ముందే. 1965 ఓటుహక్కు చట్టాన్నీ వ్యతిరేకించాడు. కెనెడీ ఆయన్ను విదేశాంగ మంత్రిని చేయాలనుకుని ఈ మరక వల్లే మానుకున్నాడు. వియత్నాం రైతు ఆత్మగౌరవం గురించి అంత చక్కగా మాట్లాడిన మనిషికి తన ఊరి నల్లరైతు ఓటుహక్కు కనిపించలేదా?

కనిపించింది. అర్కన్సాలో ఆ మాటంటే మర్నాటి ఎన్నికలో ఓడిపోతాడు, అంతే. ఆయన స్నేహితులు కూడా ఇదే చెప్పేవారు. విదేశాంగ విషయాల్లో ఆయన పనికొస్తున్నాడు, సీటు పోతే ఎవరికి లాభం అని. సారుకు ఈ లెక్కంటే మహా చిరాకు. "దూరపోల్ల మీద జాలి చౌక. ఇంటి పక్కోని మీద జాలికే ఓట్లు పోతయి" అన్నారు. ఆ వాక్యం నాకు ఇన్నేళ్ళూ వెంటపడుతూనే ఉంది.

అయినా నేను పూర్తిగా ఒప్పుకోలేదు. 1954 ఫిబ్రవరిలో, కమ్యూనిస్టుల వేట సాగిస్తున్న సెనేటరు మెకార్తీ పేరు వింటే దేశమంతా వణికేది. ఆయన విచారణల ఖర్చుకు డబ్బు మంజూరు చేసే ఓటు 85–1. ఆ ఒక్కడూ ఫుల్‌బ్రైటే. 1961 మార్చిలో క్యూబా మీద దాడి వద్దనే పత్రాన్ని స్వయంగా కెనెడీ చేతికి ఇచ్చాడు. కాస్ట్రో మన ఒంట్లో ముల్లే గాని గుండెలో దిగిన బాకు కాదన్నాడు. ఏప్రిల్ 4న మంత్రులూ సేనానులూ కూర్చున్న గదిలో ఎదురు మాట్లాడాడు. కెనెడీ వినలేదు. రెండు వారాల్లో బే ఆఫ్ పిగ్స్‌లో పరువు పోయింది. ఇవి లెక్కలోకి రావా అన్నాను. సారు నవ్వి, "అదే మనిషి మరుసటేడు అక్టోబర్ల క్యూబా మీద దండెత్తుమన్నడు, తెలుసా?" అన్నారు. నిజమే. క్షిపణుల సంక్షోభంలో, 1962 అక్టోబరు 22 సాయంత్రం కాంగ్రెసు నాయకులను పిలిచి దిగ్బంధం సంగతి చెబుతుంటే, దిగ్బంధం కంటే దండయాత్రే మేలని ఫుల్‌బ్రైట్ సలహా. కెనెడీ ఈసారీ వినలేదు. మన అదృష్టం.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, మనకెందుకు అంటారు. సారు ఆ పాఠాన్ని ఎప్పుడూ కరీంనగర్‌కు తెచ్చి ఆపేవారు. ఈ జిల్లా నుంచి, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు నుంచి గల్ఫ్‌కు పోయిన మనుషుల ఇళ్ళు మీలో చాలామందివి. మన ఎంపీ దగ్గరికి విదేశాంగం ఏ రూపంలో వస్తుంది? దుబాయిలో పోయిన మనిషి శవాన్ని ఇంటికి తెప్పించమనే అర్జీగా వస్తుంది. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఇరుక్కుందన్న ఫోనుగా వస్తుంది. పదో తరగతి పాసు కానివాడు నిర్ణీత 18 దేశాలకు కూలికి పోవాలంటే వలస తనిఖీ కావాలని పాస్‌పోర్టు మీద వేసే ఈసీఆర్ ముద్రగా వస్తుంది. ఆ ముద్ర వెనక ఉన్నది 1983 నాటి వలసల చట్టం. ఎంపీ లేఖ రాస్తాడు, శవం వస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది. అందుకు ఆయనకు దండం. కానీ ఆ దేశంతో మన ఒప్పందంలో కూలీ జీతం సంగతి ఏం రాశారు, ఎవరు రాశారు అని సభలో నిలబడి అడిగినవారు ఎందరు? అడగడానికి మన దగ్గర దారి కూడా ఇరుకే. ఒప్పందాలు కుదుర్చుకోవడం మన రాజ్యాంగంలో ప్రభుత్వం పని. భూమి వదులుకోవాల్సి వస్తేనో, చట్టం మార్చాల్సి వస్తేనో తప్ప పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. విదేశాంగ శాఖకు స్థాయీ సంఘం 1993 నుంచి ఉంది, కానీ తలుపులు మూసుకుని కూర్చుంటుంది. కెన్నన్‌ను మధ్యాహ్నం టీవీలో చూసినట్టు మనం ఎవరినీ చూడం.

ఆలస్యంగా తెలియడం మనకూ అనుభవమే. అక్సాయ్‌చిన్‌లో చైనా వేసిన రోడ్డు మీద మన ప్రభుత్వం 1958 అక్టోబరులోనే నిరసన లేఖ ఇచ్చింది. లోక్‌సభకు ఆ సంగతి 1959 ఆగస్టులో గాని చెప్పలేదు. 1962 నవంబరులో యుద్ధం నడుస్తుండగా సభ జరిగింది. రహస్యంగా జరుపుదామన్న సూచనను నెహ్రూ ఒప్పుకోలేదు. ఆయన పెద్దరికం అది. ప్రశ్నలు అడగాల్సిన మూడేళ్ళు మాత్రం అప్పటికే గడిచిపోయాయి.

మన మంథని నుంచి ఎన్నికై ఎదిగిన పీవీ రెండుసార్లు విదేశాంగ మంత్రిగా చేసి, ప్రధాని అయ్యాక 1994లో జెనీవాకు కాశ్మీరు విషయంలో మన దేశం తరఫున మాట్లాడడానికి ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని పంపారు. అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. సారు మెచ్చుకుంటూనే ఒక మాట కలిపేవారు. బయటివాళ్ళ ముందు ప్రతిపక్షం మన గొంతు కలపడం మంచిదే, ఇంట్లో మాత్రం ఆ గొంతు వేరుగా వినపడాలి, లేకుంటే 88–2 అవుతుందని. ఆ తర్వాత నిట్టూర్చి, రెండు కూడా ఉండదేమో అనేవారు.

నేను వృత్తిలో స్థిరపడ్డాక, రిటైరయ్యాక కూడా ఈ వాదనను మనసులో తిప్పుతూ వచ్చాను. ఫుల్‌బ్రైట్ మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆయన గొప్పతనాన్ని నేను కొలిచిన కొలతే తేడా అని ఇప్పుడు తోస్తుంది. ఆయన అడిగిన ప్రశ్నలు ఎంత మంచివని నేను చూశాను. ఏ రోజున అడిగాడు, ఆ రోజున అడిగితే తనకు ఏం పోతుంది అని సారు చూశారు. 1966లో ఆయన అడిగిన ప్రశ్నలన్నీ 1964 ఆగస్టు 6నే మోర్స్ నోట వచ్చాయి. సమాధానం రాబట్టే కుర్చీలో మాత్రం మోర్స్ లేడు. నెల్సన్ సవరణకు ఔనని ఉంటే యుద్ధం ఆగిపోయేదని నేననను. జాన్సన్ వేరే దారి వెతుక్కునేవాడేమో. కానీ ఆ ఒక్క వాక్యం తీర్మానంలో ఉండేది. కాట్జెన్‌బాక్ వచ్చి ఇది యుద్ధ ప్రకటనే అన్నప్పుడు, చూపించడానికి కాగితం మీద ఒక వాక్యం ఉండేది.

సారు బోర్డు మీద వేసిన ప్రశ్నకు నేను మీకు ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఒకరు మోర్స్. రెండోవాడు అలాస్కా సెనేటరు ఎర్నెస్ట్ గ్రూనింగ్, అప్పటికే 77 ఏళ్ళవాడు. 1968లో ఆ ఇద్దరూ, ఫుల్‌బ్రైట్ కూడా, ఎన్నికలకు నిలబడ్డారు. గ్రూనింగ్ సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. మోర్స్ నవంబరులో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ ఓటు వల్లే ఓడారని నేను చెప్పలేను, ఎన్నికకు కారణాలు అనేకం. అదే నవంబరులో అర్కన్సాలో ఫుల్‌బ్రైట్ గెలిచాడు.